ఏడో నంబరు డబ్బా

ప్రజలకు ప్రకృతి మీద ప్రేమ తగ్గిపోతున్నదని గమనించిన సముద్రతీర జాతీయ పార్కు వారు, ఆ ప్రేమను ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి దాచాలని నిర్ణయించారు. పథకం పేరు ‘నిధి వేట’. పార్కులో ఇరవై చోట్ల ఇరవై డబ్బాలు దాస్తారు. సందర్శకులు ఫోనులో బాణం చూపించిన దారిన నడిచి, డబ్బా వెతికి, లోపలున్న పుస్తకంలో సంతకం చేసి, మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. దారిలో ప్రకృతి తగిలితే చూడవచ్చు, తప్పనిసరి కాదు.

దాచే పని గార్డు మీద పడింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇసుక దిబ్బల మీద తిరుగుతున్న మనిషి. మరెక్కడా కనిపించని ఒక చిన్న పిట్ట అక్కడ ఇసుకలోనే గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు అచ్చం గులకరాళ్ళే. వాటిని పోల్చుకోగలిగింది ఇద్దరే: తల్లి పిట్ట, గార్డు.

డబ్బాల స్థలాలను డైరెక్టరుగారు స్వయంగా పటం మీద పెన్సిలుతో గుర్తు పెట్టారు. పటంలో పిట్టలు లేవు.

“సార్, ఏడో నంబరు డబ్బా పెట్టమన్న చోట గుడ్లున్నాయి సార్,” అన్నాడు గార్డు.

“ఎన్ని?”

“మూడు.”

“మూడు గుడ్ల కోసం ఇరవై డబ్బాలు ఆపమంటావా? ‘జాగ్రత్తగా నడవండి’ అని ఒక బోర్డు పాతెయ్యవయ్యా.”

ప్రారంభోత్సవంలో డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. “ప్రకృతి మనకు దూరంగా ఉండకూడదు. చేతికి అందాలి! వీలైతే మూత తీసి చూసుకునేలా ఉండాలి!” చప్పట్లు మోగాయి.

మొదటి ఆదివారమే నాలుగు వందల మంది తలలు వంచుకుని దిబ్బలెక్కారు. తల్లి పిట్ట తన విద్య ప్రదర్శించింది. శత్రువును గుడ్ల నుంచి దూరంగా లాక్కుపోవడానికి, రెక్క విరిగినట్టు నటిస్తూ ఇసుకలో ఈడ్చుకుంటూ పోయింది.

“పాపం, దెబ్బ తగిలినట్టుందే,” అన్నది ఒకావిడ.

“ముందు అడ్డు తప్పుకో. బాణం ఇటే చూపిస్తోంది,” అన్నాడు భర్త.

ఆయన బూటు గుడ్లకు జానెడు దూరంలో ఉండగా, గార్డు వెళ్ళి అడ్డంగా ఇసుకలో పడుకున్నాడు. పెద్దమనిషి వంగి, ఎంతో మర్యాదగా అడిగాడు. “డబ్బా మీ కింద ఉందా?”

మరునాడు గార్డుకు మెమో వచ్చింది: విధి నిర్వహణలో నిద్ర.

దాన్ని చదివి భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. “ఏమండీ, వాళ్ళకి కావలసింది డబ్బా. పిట్టకి కావలసింది చోటు. పిట్టని కదపలేరు సరే, డబ్బాని కదపలేరా?”

తెల్లారేసరికి ఇరవై డబ్బాలూ గేటు పక్కన కార్లు నిలిపే చోటికి చేరాయి. ఒకటి బెంచీ కింద, ఒకటి మంచినీళ్ళ కుళాయి వెనక, ఏడో నంబరుది మరుగుదొడ్డి గోడ మీద. ఫోనులో బాణాలు మార్చిపెట్టింది ఆఫీసు కంప్యూటరు గుమస్తా. ఎందుకని అడగలేదు, అడగడం అతని సెక్షను కాదు.

జనం పొంగిపోయారు. చెప్పుల్లో ఇసుక లేదు, ఎండ లేదు, అరగంటలో ఇరవై నిధులు! ‘ప్రకృతి ఒడిలో మరపురాని రోజు’ అని ఒకరు రాశారు. ఏడో డబ్బాలో ‘ఇక్కడి గాలే వేరు’ అని ఇంకొకరు రాశారు.

దిబ్బల మీద మనిషి జాడ లేదు. ఒక ఉదయం మూడు గుడ్లూ పగిలి, మూడు దూది ఉండలు కాళ్ళొచ్చి నడిచాయి. గార్డు కళ్ళు తుడుచుకుని భార్యకు ఫోను చేశాడు. “ముగ్గురూ క్షేమం.”

ఆ ఏడాది డైరెక్టరుగారికి ఉత్తమ పరిరక్షకుడి అవార్డు వచ్చింది. పార్కులో ఇంకా ఏం కావాలని సందర్శకులను అడిగితే, అందరూ ముక్తకంఠంతో కార్లకు చోటు చాలడం లేదన్నారు. వెంటనే నివేదిక తయారైంది: ‘దిబ్బల వైపు మూడు నెలలుగా ఒక్కరూ వెళ్ళలేదు. కనుక ఆ స్థలం వృథాగా పడి ఉన్నది. చదును చేసి పార్కింగు విస్తరించవచ్చు.’

గార్డు పరుగెత్తుకెళ్ళాడు. “సార్, డబ్బాలు మార్చింది నేనే సార్! జనం అటు పోకూడదనే మార్చాను. అక్కడ పిల్లలున్నాయి సార్!”

డైరెక్టరుగారు లేచి వచ్చి అతన్ని కౌగిలించుకున్నారు. “ఆ ఐడియా నీదా! ముందే చెప్పొద్దటయ్యా? మెమో రద్దు చేస్తున్నాను. కొత్త పార్కింగుకి మీ పిట్ట పేరే పెడదాం.”

అభ్యంతరాలకు పదిహేను రోజులు గడువిచ్చారు. అభ్యంతరం ఒక్కటే వచ్చింది, గార్డుది. ప్రజల నుంచి మాత్రం మూడు వేల పైచిలుకు ఉత్తరాలు వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే ప్రశ్న: కొత్త చోట డబ్బాలు ఎన్ని పెడుతున్నారు?