ముప్పై మంది సాక్షులు, లేని చేప

క్లారీ ఉండే కాథరిన్ ఊరి నుంచి, అక్క ఊరు మటరంకా వెచ్చని ఊటలకు నూరు కిలోమీటర్ల పైచిలుకు. గంటా గంటన్నర దారి. క్లారీకి మాత్రం పదకొండేళ్లు పట్టింది.

ఆ ఉదయం అతను వేసుకున్న పథకంలో తికమకేమీ లేదు. ఆరింటికి టీ, ఏడింటికి బండి, ఎనిమిదిన్నరకు అక్క నోరీన్ గుమ్మం. క్షమించమని ఒక్క మాట. ఆపైన చిన్నప్పటిలా ఇద్దరూ వెచ్చని ఊటలో కాళ్లు జారేసుకుని కూర్చోవడం. అందుకని తువ్వాలు కూడా పెట్టుకున్నాడు. మర్నాడు తెల్లవారి ఆరింటికి నోరీన్‌ను దక్షిణాదిన ఏదో పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నారు. ఊపిరితిత్తులు. ఇల్లు కూడా ఖాళీ చేస్తోందని విన్నాడు. పెట్టేబేడా సర్దుకుని ఆసుపత్రికి పోయే మనిషి తిరిగి రాదని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. క్లారీకి మిగిలింది ఆ ఒక్క రోజే.

తప్పు చిన్నదేం కాదు. బావ లెన్‌ను పాతిపెట్టిన రోజున క్లారీ చేపలకు పోయాడు. వరద తీసి, బారాముండీ చేపలు గాలానికి ఎగబడే వారం అది. "బావ ఎక్కడికీ పోడు, చేప పోతుంది" అని కూడా అన్నాడు. ఆ మాట శవపేటిక కంటే ముందే మటరంకా చేరింది. ఆనాటి నుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు.

ఒక్క మాటైనా సాధన కావాలి కదా. ఊరు దాటగానే మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే, లారీవాళ్లతో మాట్లాడుకునే రేడియో మైకు కొక్కెం నుంచి జారి అతని తొడ కిందికి చేరింది. మీట నొక్కుకుపోయింది. అది నొక్కి ఉన్నంతసేపు మన మాట నలుగురికీ పోతుందే గాని, నలుగురి మాట మనకు రాదు. ఆ దారిన తిరిగే లారీలన్నీ వినేది ఆ ఒక్క చానలే. క్లారీ నూట పది కిలోల మనిషి. ఇక ఆ మీట లేచే ప్రశ్నే లేదు.

"అక్కా, ఆ రోజు నేను రాకపోవడం తప్పే" అని ఎత్తుకున్నాడు. ఎత్తుగడ బాగానే ఉంది. కానీ క్లారీకి ఊపిరి పీల్చుకోకుండా ఉండటమన్నా వచ్చేమో గాని, చేప గురించి ఊరుకోవడం రాదు. "అయితే ఆ చేపను చూసుంటే నువ్వైనా ఆగేదానివక్కా. మీటరు పొడుగు." రెండోసారి చెప్పేటప్పటికి చేప మీటరున్నరైంది. మూడోసారి అది పడవను ఏటికి ఎదురు రెండు గంటలు లాక్కుపోయింది.

ఆ దారిలో ఎదురైన బండికి స్టీరింగు మీంచి చూపుడువేలు అంగుళం ఎత్తుతారు. అంతకు మించి ఎత్తితే చుట్టరికం ఉండాలి. ఆ రోజు మొదటి లారీవాడు చెయ్యంతా ఎత్తాడు. రెండోవాడు టోపీ తీశాడు. మూడోవాడైతే స్టీరింగు వదిలేసి రెండు చేతులూ బారచాపి చూపించాడు. తన బండికి అడ్డంగా ఏదో వేలాడుతోందనుకున్నాడు క్లారీ. కిటికీలోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూసుకుని వేగం తగ్గించాడు.

తగ్గించేసరికి వెనక బారు చేరింది. మూడు పెట్టెల లారీ ఒకటి, దాని వెనక ఇంకోటి, యాత్రికులు ఇల్లులా వాడుకునే కారవాన్లు, పశువుల బండి. ముందుకు పొమ్మని చెయ్యి ఊపాడు. ఒక్కడూ పోలేదు. తన బండి పొగలు కక్కుతోందేమో అనుకున్నాడు గాని, అద్దంలో ఆ బారును చూస్తుంటే పొగ సంగతి మరిచిపోయాడు. బావను సాగనంపిన నాడు ఇలాగే, ఒకరి వెనక ఒకరు, మెల్లగా పోయి ఉంటారు.

"చేప లేదక్కా" అన్నాడు. "ఆ రోజు గాలమే వెయ్యలేదు. పడవ తాడైనా విప్పలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కునే బయల్దేరాను. బావ పెట్టెలో ఉంటాడంటే కాళ్లాడలేదు. పొద్దుగూకేదాకా పడవలో కూచుని ఏడ్చాను."

కళ్లకు దారి ఆనక, ఒక చెదల పుట్ట పక్కన బండి ఆపాడు. వెనక బారంతా ఆగింది. మొదటి లారీ నుంచి గ్లెనిస్ అనే ఆవిడ దిగివచ్చి, తలుపు తీసి, "పెద్దాయనా, ఓసారి పైకి లే" అంది. లేచాడు. తొడ కింద నుంచి మైకు తీసి చేతిలో పెట్టింది.

"ఎప్పట్నుంచీ?" అన్నాడు క్లారీ.

"ఊరు దాటినప్పట్నుంచీ. ఆఖరున చెప్పావే, అదే చెప్పు. ముందు మూడూ మర్చిపో."

వెనక్కి పోతానన్నాడు. తన లారీ యాభై మీటర్లనీ, దాని వెనక ఇంకా పదకొండు ఉన్నాయనీ, అవన్నీ తిప్పేలోగా మటరంకా సారాకొట్టుకు చేర్చాల్సిన బీరు ఉడికిపోతుందనీ ఆవిడ చెప్పింది. క్లారీ ముందుకే పోయాడు. అతనికొక్కటే ఓదార్పు. లెన్ కూడా లారీ మనిషే. బతికుండగా వంటింట్లో ఇలాంటి రేడియోనే పెట్టించుకున్నాడు. అంటే అక్క అంతా వినే ఉంటుంది. చెప్పే బాధ తప్పింది.

నోరీన్ వరండాలో అట్టపెట్టెలకు టేపు వేస్తోంది. తాటిచెట్ల మీద గబ్బిలాలు కంపు కొడుతున్నాయి. క్లారీ తువ్వాలుతో గేటు దగ్గర నిలబడ్డాడు. అతని వెనక ముప్పై మంది, టోపీలు చేత్తో పట్టుకుని. ఆమె తలెత్తి చూసి, దగ్గింది.

"ఏవిట్రా ఈ జనం? ఎవరు పోయారు?"

"విన్లేదా? వంటింట్లో రేడియో..."

"మీ బావ పోయిన రోజే దాని తీగ పీకేశాను. ఆయన గొంతు పలకని పెట్టె నాకెందుకు?"

దారి పొడుగునా విననిది ఆమె ఒక్కతే. క్లారీ నోరు తెరిచాడు. "ఆ రోజు... మీటరు..." అనబోయాడు. వెనక ముప్పై మందీ ఒక్కసారిగా గొంతు సవరించుకున్నారు.

"చేప లేదక్కా. భయమేసింది."

నోరీన్ టేపు కింద పెట్టింది. "చేప లేదని నాకు తెలుసు. పడుంటే మర్నాడే ఫొటో పంపేవాడివి."

"మరి పదకొండేళ్లు మాట్లాడలేదే?"

"నువ్వు రాలేదుగా."

అతని చేతిలోని తువ్వాలు లాక్కుని ఊట వైపు నడిచింది. మెల్లగా, రెండుసార్లు ఆగి. తమ్ముడు వెనకే పోయాడు. ఇంత దూరం వచ్చాం కదా అని మిగతావాళ్లూ పోయారు.

మర్నాడు ఆరింటికి ఆమె వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ రోజు ఊట నీళ్లు జానెడు పెరిగాయని మటరంకాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముప్పై మంది ఒక్కసారే దిగితే పెరగవా మరి, అంటాడు క్లారీ.