చింతచెట్టు మీద పురుళ్లు

మా జిల్లాలో ప్రకృతి ప్రేమికులు ఒక్క ఏడాదిలో నలభై మంది నుంచి నాలుగు వేలకు పెరిగారని తెలియజేయడానికి పర్యావరణ పర్యాటక ప్రోత్సాహక సంఘం మిక్కిలి సంతోషిస్తోంది. 2016లో ఇంతకంటే గొప్ప కబురు లేదు.

వీరంతా వచ్చేది జగ్గమ్మ పెరట్లోని చింతచెట్టుకు. ఏటా సెప్టెంబరులో కొంగలొచ్చి దానిమీద గూళ్లు కడతాయి. ఆ ఊరివాళ్లకు అవి పక్షులు కావు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. అవి ఉన్నన్నాళ్లూ దీపావళికి టపాకాయ పేలదు, పెళ్లికి డప్పు మోగదు. పిల్లలు ఎగిరిపోయేదాకా జగ్గమ్మ చింతపండు దులపదు. ఇంత వెనకబడ్డ ఊరు కనుకనే అభివృద్ధికి ఎంపికైంది.

సందర్శకులు ఎందుకొస్తున్నారో తెలుసుకోవాలని సంఘం కార్యదర్శి మోహనకృష్ణగారు ఫారాలు పంచారు. అందరూ 'ప్రకృతిపై ప్రేమ' అన్న గడిలోనే టిక్కు పెట్టారు. ఒకాయన బిర్యానీ చెయ్యి తుడుచుకోవడానికి రెండో ఫారం అడిగితే, కాగితం ఆదా చెయ్యమని మొదటిదానితోనే తుడిపించారు. ఆమదాలవలస పోతురాజు మాత్రం, "మా తోడల్లుడు వాట్సాప్‌లో ఫొటో ఎట్టీసినాడండి. మా ఆవిడ ఊరుకుంతాదేటి?" అన్నాడు. అటువంటి గడి లేనందున ఆయన జవాబు చెల్లలేదు.

అయితే కొంగలు గూళ్లలో కదలకుండా కూర్చుంటే ఫొటోలు బాగా రావడం లేదని ప్రేమికులు ఫిర్యాదు చేశారు. సంఘం వెంటనే స్పందించింది. ఆదివారం పక్షి ప్రేమికుల సభ పెట్టి, ఒక తారాజువ్వ తెప్పించింది.

జగ్గమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఒరే బాబూ, పురిటింట్లో టపాకాయేటిరా? పిల్లలకింకా రెక్కలు రానేదు. పడిపోతాయిరా! మీ ఇంట పురుడొస్తే ఇలాగే సేస్తారేటి?"

మోహనకృష్ణగారు మైకందుకున్నారు. "ఈ తల్లి ఆవేదనే మనందరి ఆవేదన! కానీ ప్రకృతిని కాపాడాలంటే ముందు ప్రకృతి ప్రజలకు కనబడాలి!"

చప్పట్ల మధ్య జువ్వ లేచింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆహా, ఏం దృశ్యమండీ! నాలుగు వందల ఫోన్లు పైకెత్తారు. అందరూ పైకే చూస్తున్నందున కింద రాలినవాటిని జగ్గమ్మ ఒక్కతే చూసింది. ఏడుస్తూ ఒళ్లోకి ఏరుకుంది. పదకొండు. రెండే కదులుతున్నాయి.

తల్లులు మళ్లీ రాలేదు. ఆ ఏడు జగ్గమ్మ చింతపండు వేళకే దులుపుకుంది.

ఆనాటి ఫొటోకు 'స్వేచ్ఛ' అని పేరు పెట్టి సంఘం మొదటి బహుమతి ఇచ్చింది. పద్నాలుగు వేల లైకులు వచ్చాయి. పేర్లన్నీ తీరిగ్గా చదివాను. మీదీ ఉంది. మీ ఫారం నా దగ్గరే ఉంది లెండి, టిక్కు నేనే పెట్టేస్తాను. ప్రకృతిపై ప్రేమే కదా?