అత్తగారి పదికి పది

ఆ రోజు ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా సాదాది. ఎనిమిదింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా అత్తగారికి ఒక ట్యాబ్ ఖాయం చేయాలి. పదింటికి ఆవిడ చేత వాళ్ళ చెల్లెలితో మాట్లాడించాలి. పదిన్నరకి ఆఫీసుకు బయల్దేరాలి.

ఇందులో తొమ్మిదిన్నర అటూ ఇటూ కావచ్చు, ఆఫీసు సంగతి ఎలా ఉన్నా ఫరవాలేదు, పది గంటల మాట మాత్రం తప్పడానికి వీల్లేదు. అత్తగారి చెల్లెలు దూరంగా మరో ఊళ్ళో ఆసుపత్రిలో ఉంది. పదకొండింటికి ఆవిడ గుండెకు ఆపరేషన్. లోపలికి వెళ్ళే ముందు ఐదు నిమిషాలు అక్క ముఖం చూస్తానని డాక్టర్లను బతిమాలి ఒప్పించుకుంది. రోజూ పదింటికి అక్కాచెల్లెళ్ళిద్దరూ ట్యాబ్‌లో ఒకరినొకరు చూసుకుంటూ పేపర్లో గళ్ళనుడికట్టు నింపడం ఏళ్ళ తరబడి అలవాటు. ఈ మధ్య అత్తగారి ట్యాబ్ బాగా ముసలిదైపోయి, సరిగ్గా నిలువు ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి కన్ను మూస్తోంది.

అల్లుడిది టీ రుచి చూసే ఉద్యోగం. పొడవాటి బల్ల మీద ఇరవై తెల్ల కప్పులు వరసగా పెడతారు. ఏ కప్పులో ఏ తోట ఆకుందో, దాని ధరెంతో తెలియకుండా అడుగున నంబరు అంటిస్తారు. అతను ఒక్కో చెంచా జుర్రున పీల్చి, నోట్లో తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మి, మార్కులు వేస్తాడు. బల్ల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు, ముఖంలో ఏ భావమూ కనపడకూడదు. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని కావడంతో చెప్పులు కొన్నా దిండు కొన్నా అతనికి ఈ పద్ధతి తప్ప మరోటి తోచదు. ఆఫీసులో అతని ముద్దుపేరు ‘నాలుక’.

అత్తగారి విషయంలో ఈ పద్ధతి అవసరమని అతను గట్టిగా నమ్మడానికి కారణం ఉంది. ఆవిడ వాళ్ళింటికి వచ్చి పదకొండేళ్ళయింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పరుగులు తీస్తుంటే మూడేళ్ళ పిల్లను ఒళ్ళో వేసుకుని పెంచింది ఆవిడే. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో అతనికి ఇప్పటికీ తెలియదు. పోనీ, ఆవిడకి నచ్చిందేదైనా తెచ్చిపెడదామంటే, ఏం తెచ్చినా “చాలా బాగుంది బాబూ” అంటారు. చెప్పులు కరిచినా బాగుందే, చలికోటు రెండు సైజులు పెద్దదైనా బాగుందే. ఆ మొహమాటం ముందు అతని నాలుక ఏమీ పనిచేయలేదు. కొత్త ట్యాబ్ కావాలా, పాత మోడల్ చాలా అని అడిగితే ఏం చెబుతారో అడక్కుండానే తెలుసు. ఏది ఏదో తెలియకుండా చేస్తే మాత్రం నిజం చెప్పక ఏం చేస్తారు?

అందుకని ముందురోజే కింది అంతస్తులోని షాపాయన దగ్గర రెండు ట్యాబులు ఒక పూటకు అడిగి తెచ్చాడు. ఒకటి ఈ ఏడాదిదే, పెట్టె విప్పని కొత్తది. రెండోది నాలుగేళ్ళ నాటి మోడల్, ఎవరో వాడి ఇచ్చేస్తే శుభ్రం చేసి పెట్టింది. పోల్చడానికి బల్ల మీద ఎప్పుడూ తాగే టీ కప్పు కూడా ఒకటి ఉండాలన్నది ఆఫీసు నియమం కాబట్టి, అత్తగారి సొంత ట్యాబ్‌ను కూడా పరీక్షలో చేర్చాడు.

పొద్దున్నే లేచి మూడింటికీ గోధుమరంగు కాగితంతో అట్టలు వేశాడు. చిన్నవాటికి వెనక అట్టముక్కలు దూర్చి అన్నిటినీ ఒకే బరువు చేశాడు. పాత రెండింటికీ కింద నొక్కే బటన్ ఉంది, కొత్తదానికి లేదు. అందుకని లేని బటన్‌కు కూడా కాగితంలో కంత చేశాడు. వెనక ఒకటి, రెండు, మూడు అని చీటీలు అంటించాడు. ఇక కప్పులు కడగడం మిగిలింది. కిందటి టీ వాసన కప్పులో మిగిలితే పరీక్ష చెడిపోతుంది. కాబట్టి మూడింటిలోనూ సెట్టింగులు తెరిచి ఉన్నదంతా తుడిచేశాడు. ‘మొత్తం చెరిగిపోతుంది, సరేనా?’ అని అత్తగారి ట్యాబ్ రెండుసార్లు అడిగింది. చెరిగిపోవాలనే కదా అనుకుని రెండుసార్లూ సరే అన్నాడు.

ఎనిమిదింటికి పరీక్ష మొదలైంది. లెక్కల టీచరైన భార్య, పద్నాలుగేళ్ళ కూతురు, అత్తగారు భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. పేపరు చదవడం, అక్షరాలు పెద్దవి చేయడం, ఒక ఫోటో తీయడం, ఇవీ అంశాలు. అత్తగారు నడుం నిటారుగా పెట్టి, ముఖంలో ఏ భావమూ లేకుండా, పరీక్ష హాల్లో మొదటి బెంచీ విద్యార్థినిలా మూడూ తిప్పి చూశారు.

భార్య, కూతురు ఇద్దరూ రెండో నంబరుకు తొమ్మిదేసి మార్కులు వేశారు.

“అది పాత మోడలని ముట్టుకోగానే తెలిసిపోయింది. పాతవాటికుండే నాణ్యతే వేరు” అంది భార్య.

“అది కొత్తదమ్మా! ఎంత స్పీడుగా ఉందో చూళ్ళేదా?” అంది కూతురు.

అల్లుడు రెండో నంబరు అట్ట విప్పాడు. అది ఆర్నెల్లుగా వాళ్ళిద్దరూ అవతల పారేయమంటున్న అమ్మమ్మ ట్యాబే. ఇద్దరూ తమ మార్కుల కాగితాలు తిరగేసి పెట్టారు.

“వాళ్ళ సంగతి వదిలేయండి అత్తయ్యగారూ. మీరెన్నెన్ని వేశారు?”

అత్తగారు కాగితం మడిచి అందించారు. పది, పది, పది.

“మూడూ చాలా బాగున్నాయి బాబూ.”

“రెండోది మీ చేతుల్లోనే ఆరిపోయింది కదండీ!”

“ఆరిపోతే ఏం? చక్కగా ఆరిపోయింది.”

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. ఇంత పకడ్బందీగా అట్టలు వేసినా ఆవిడ మొహమాటం కాగితంలోంచి దూరి వచ్చేసింది. అప్పుడు టైము తొమ్మిదింబావు. అత్తగారు తన ట్యాబ్‌ను మళ్ళీ ఆన్ చేసుకుని అటూ ఇటూ వెతికి, తన కూతురి చెవి దగ్గర మెల్లగా అడిగారు.

“పిన్ని బొమ్మ కనపడదేమే?”

భార్య చూసింది. పిన్ని బొమ్మా లేదు, పిన్ని నంబరూ లేదు, అసలు మాట్లాడుకునే యాపే లేదు.

“ఏమండీ, దీన్నేం చేశారు?”

“కడిగాను” అన్నాడు అల్లుడు. ఆ మాట నోటి నుంచి వస్తుండగానే తానేం చేశాడో అతనికి అర్థమైంది.

యాప్ మళ్ళీ వేసుకోవచ్చు, వేశారు కూడా. అది పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ పెట్టింది చెల్లెలు, ఆరేళ్ళ కిందట ఇక్కడికి వచ్చినప్పుడు. పిన్నికి ఫోన్ చేస్తే ఆసుపత్రివాళ్ళు దాన్ని ఆపేసి దాచినట్టున్నారు, మోగనే లేదు. భార్య తన ఫోన్ నుంచి పిన్ని ట్యాబ్‌కి చేసింది. అదీ లాభం లేకపోయింది. అమ్మకాలవాళ్ళ బెడద భరించలేక పిన్ని తన ట్యాబ్‌లో అక్క తప్ప ఎవరు పిలిచినా మోగకుండా బిగించుకుంది. అక్క తన పేరుతోనే పిలవాలి, లేదా పిన్నే అక్కను పిలవాలి.

“ఇంకో ముప్పావుగంటలో ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోతారండీ” అంది భార్య. అత్తగారు మాత్రం, “పోనీలేమ్మా, అల్లుడుగారు కావాలని చేశారా ఏమన్నా” అన్నారు. రెండు తిట్లు తిట్టి ఉంటే అతనికి కాస్త ఊరటగా ఉండేది.

అంతలో అత్తగారి ట్యాబ్ ఎప్పటిలాగే కన్ను మూసింది. ఈసారి చార్జరు పెట్టినా, ఎంత బుజ్జగించినా తెరవలేదు. సరే, కొత్తదానిలో యాప్ వేద్దామని తీస్తుండగా తలుపు చప్పుడైంది. షాపాయన రొప్పుతూ నిలబడ్డాడు.

“సార్, ఆ కొత్తది ఇచ్చేయాలి. పళ్ళ డాక్టరుగారు నిన్ననే మాట తీసుకున్నారట మా ఆవిడ దగ్గర. ఆయన కింద నిలబడ్డాడు.”

“ఒక్క అరగంట ఆగమనండి.”

“ఆయన క్లినిక్‌లో ఒకాయన నోరు తెరుచుకుని కూర్చున్నాడట సార్!”

షాపాయన కాగితపు అట్టలో ఉన్న కంతలోకి వేలుపెట్టి, బటన్ తగలకపోవడంతో అదే కొత్తదని తేల్చి పట్టుకుపోయాడు. పరీక్షలో సరైన జవాబు చెప్పింది అతనొక్కడే. ఇక మిగిలింది నాలుగేళ్ళ నాటిది. దానిలో యాప్ వేసి, ‘పాస్‌వర్డ్ మరిచిపోయాను’ అని నొక్కారు. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ‘మీకు అందరికన్నా ఇష్టమైన మనిషి ఎవరు?’ కింద చిన్న అక్షరాల్లో, ఐదు అవకాశాలు, ఆ తర్వాత ఒక రోజంతా తాళం.

“హమ్మయ్య, ఇదెంతసేపు! చెప్పమ్మా” అంది భార్య.

అత్తగారు గోడ వైపు చూశారు. “ఇంకెవరే, నువ్వే.”

‘కూతురు’ అని కొట్టారు. తప్పు అంది ట్యాబ్. భార్య ముఖం చిన్నబోయింది.

“నేనై ఉంటాను” అంది మనవరాలు ధీమాగా. ‘మనవరాలు’ కూడా తప్పే. ‘చెల్లెలు’ తప్పు.

“నాన్నగారా?” అంది భార్య.

అత్తగారు ఒక్క క్షణం తటపటాయించారు. “ఆయన మంచివారేలే” అన్నారు, మార్కులు వేయబోయి మానుకున్నట్టుగా. కొట్టి చూశారు. అదీ తప్పే. పరలోకంలో ఆయన ఏమనుకున్నారో తెలియదు.

ఇక మిగిలింది ఒక్కటే అవకాశం. గడియారంలో పదికి ఎనిమిది నిమిషాలు. ఎవరూ వేలు కదపడం లేదు. అల్లుడికి కళ్ళు చెమర్చాయి. అరవై ఏళ్ళుగా ఒకరినొకరు అంటిపెట్టుకున్న అక్కాచెల్లెళ్ళ మధ్య, అది కూడా ఇలాంటి రోజున, తాను కప్పు కడిగి అడ్డుపడ్డాడు. “అత్తయ్యగారూ, నన్ను క్షమించండి” అన్నాడు.

అత్తగారు అతని వైపు చూడలేదు. “బాబూ, కాస్త మంచినీళ్ళు తెస్తారా?”

“నేను తెస్తానుండమ్మా” అని భార్య లేవబోయింది.

“నువ్వు కూర్చో. వారే తేవాలి.”

అల్లుడు పరుగున వెళ్ళి తెచ్చాడు. ఆవిడ గ్లాసు వైపు చూసి, “చల్లగా ఉన్నట్టున్నాయి. గోరువెచ్చగా కావాలి” అన్నారు. పదకొండేళ్ళలో అతను తెచ్చిన వస్తువుకు ఆవిడ వంక పెట్టడం ఇదే మొదలు. ఆ తత్తరపాటులో అతనికి అది తట్టనే లేదు. నీళ్ళు వెచ్చచేసుకుని తిరిగి వచ్చేసరికి ట్యాబ్ తెరుచుకుని ఉంది, అందులో పిన్ని బొమ్మ ఉంది. భార్య, కూతురు ఇద్దరూ అత్తగారి వైపు నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఏం రాశారని అతను అడిగితే ముగ్గురూ పలకలేదు.

సరిగ్గా పదింటికి ట్యాబ్ మోగింది. ఆకుపచ్చ టోపీలో పిన్నిగారి ముఖం కనపడగానే అత్తగారు తెరను రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

“భయంగా ఉందా?” అని అడిగారు అత్తగారు.

“నువ్వు కనపడకముందు ఉండింది. అదేంటక్కా, వెనక అందరూ ఏడుపు ముఖాలు పెట్టారు?”

భార్య జరిగింది చెప్పింది, పాస్‌వర్డ్, ప్రశ్న, నాలుగు తప్పులు. పిన్ని ఆసుపత్రి మంచం ఊగేలా నవ్వింది.

“నాలుగు తప్పులా! ఒక్కసారికే రావాలి కదే! అల్లుడుగారు అని రాయమన్నది నువ్వేగా అక్కా? తన కిటికీ గది నీకిచ్చి, నాకు వెలుతురు పడదండీ అని అబద్ధమాడిన మనిషి అని చెప్పి, ఎవరికీ తెలియనీయకు, వారు మొహమాటపడతారు అన్నావు. అన్నావా లేదా?”

అత్తగారు పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. గళ్ళనుడికట్టు ఉన్న పేజీ తలకిందులుగా ఉంది. అల్లుడు గోరువెచ్చని నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎవరికైతే రుణపడ్డానని పదకొండేళ్ళుగా అనుకుంటున్నాడో, ఆ మనిషి తనకు రుణపడ్డానని అనుకుంటూ పక్క గదిలోనే ఉన్నారు. ఇంతకు మించిన అదృష్టం ఏముంటుందని అతనికి అనిపించింది.

“అడ్డం ఆరు నాకు తెలుసు. సాయంత్రం బయటికొచ్చాక చెబుతాను. నువ్వు నింపావంటే ఊరుకోను” అంది పిన్ని. ఎవరో నర్సు చెయ్యి వచ్చి తెరను ఆర్పేసింది.

ఆ రోజు అల్లుడు ఆఫీసుకు వెళ్ళలేదు. ఎవరూ అన్నం సరిగా తినలేదు. మూడున్నరకి కబురొచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది, మెలకువ వచ్చింది, మొదటి మాటగా ఆ రోజు పేపరు అడిగింది. ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడారు. అత్తగారు అడ్డం ఆరు ఖాళీగా ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నారు.

అప్పుడు అల్లుడు ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అత్తయ్యగారూ, మీరు నా దగ్గర మొహమాటపడకుండా ఉంటే నాకదే చాలు. ఇప్పుడు నిజం చెప్పండి. ఈ ట్యాబ్ ఉంచనా, కొత్తది ఇంకోటి తెప్పించనా?”

ఆవిడ అతని ముఖంలోకి నేరుగా చూశారు. “నిజం చెప్పనా?”

“చెప్పండి.”

“ఇదే ఉంచండి. కొత్తది వద్దు. దాని అద్దంలో నా ముఖం తప్ప అక్షరాలు కనపడలేదు, ఇంటికి పోయే బటనే లేదు, కంతలో వేలు పెడితే ఏమీ తగల్లేదు. దీనికి బటన్ వేలికి తెలుస్తోంది, మాట గట్టిగా వినిపిస్తోంది. కానీ వెనక ఆ అట్టముక్కలు తీసేయండి, చేతులు పడిపోతున్నాయి. దీనికి ఏడు మార్కులు.”

“ఏడా!” అన్నాడు అల్లుడు. అతని ఆనందం అంతా ఇంతా కాదు. జేబులోంచి మార్కుల కాగితం తీసి రాసుకున్నాడు. “ఇంకా ఏమన్నా ఉంటే చెప్పండి, దేని గురించైనా సరే.”

“దేని గురించైనానా?” అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. “అయితే ముందు ఆ చలికోటుతో మొదలుపెడదాం.”

పదిహేడో అంశం దగ్గర అతను కాగితం వెనక్కి తిప్పాడు.