మంద దూరాన్ని బట్టి మంచం

మొదటి సంవత్సరం విద్యార్థుల వసతి నిబంధనలు ఈ ఏడాది కూడా దిగ్విజయంగా అమలయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నల్లగొండకూ దేవరకొండకూ నడుమ గుట్టల్లో ఉన్న మా విశ్వవిద్యాలయం పేరు మీరు విని ఉండకపోవచ్చు. అందులో హాస్టళ్ల విభాగం సూపరింటెండెంటు రఘుపతి పేరు అసలే విని ఉండరు. అది నేనే. ఇరవై మూడు నిబంధనలూ నా చేతి మీదుగానే టైపయ్యాయి. అందుకే వాటి మీద ఎవరైనా నోరు పారేసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అవి ఊరికే పుట్టలేదు. పదకొండు మంది ప్రొఫెసర్లతో కమిటీ వేశాం. పిల్లలు హాస్టల్లో ఎలా ఉండాలో తెలుసుకోవడానికి కమిటీ ఊటీ వెళ్లి వచ్చింది. అక్కడ చలి బాగా ఉన్నందున, ఫ్యాను మూడో నంబరు దాటి తిప్పరాదని సిఫారసు చేసింది. మే నెలలో మా గుట్టలు ఎట్లా కాగుతాయో మీకు తెలుసు. కమిటీకీ తెలుసు. కాకపోతే నివేదిక అప్పటికే బైండింగుకు వెళ్లిపోయింది. ఆడపిల్లలు సాయంత్రం ఆరింటికల్లా హాస్టల్లో ఉండాలన్నది మరొక నిబంధన. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఆరుంబావుకు ముగుస్తాయి. ఈ పావుగంట గురించి ఏటా ఒక వినతిపత్రం వస్తుంది, ఏటా మేం దాన్ని సానుభూతితో పరిశీలిస్తాం. పరిశీలన ఇంకా పూర్తి కాలేదు.

అన్నిటికన్నా గొప్పవి నాలుగోది, ఐదోది. నాలుగో నిబంధన ప్రకారం మొదటి సంవత్సరం వాళ్లంతా విధిగా హాస్టల్లోనే ఉండవలెను. ఐదో నిబంధన ప్రకారం తల్లిదండ్రుల నివాసం యాభై కిలోమీటర్ల లోపు ఉంటే హాస్టల్ ఇవ్వబడదు, ఇంటి నుంచే రావలెను. ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి కదా అని ఒక కొత్త లెక్చరర్ మీటింగులో లేచి అడిగాడు. ఆయన్ను మెస్ కమిటీలో వేశాం. అప్పటినుంచి ఏమీ అడగలేదు. యాభయ్యే ఎందుకని కూడా కొందరు గుసగుసలాడారు. చీఫ్ వార్డెన్ ప్రొఫెసర్ విజేందర్ గారి స్వగ్రామం యాభై ఒకటో కిలోమీటరు మీద ఉండటం కేవలం భౌగోళిక విషయం.

కిందటేడు నల్లగొండ పిల్లలు కొందరు దూరపు మేనత్తల చిరునామాలిచ్చి మంచాలు కొట్టేశారు. దాంతో ఈసారి కట్టుదిట్టం చేశాం. ప్రతి నెల ఒకటో తేదీనా, పదిహేనో తేదీనా తల్లిదండ్రులిద్దరూ తమ నివాసం ముందు నిలబడి ఫొటో దిగి, ఉన్నచోటి లొకేషన్‌తో సహా మా విభాగం వాట్సాప్‌కు పంపాలి. మేం మ్యాపులో దూరం కొలుస్తాం. యాభై లోపుంటే ఆ రోజే మంచం ఖాళీ చేయించి, వెయిటింగ్ లిస్టులో ముందున్న వాళ్లకు ఇస్తాం.

"విద్యార్థినీ విద్యార్థులారా!" అని విజేందర్ గారు స్వాగత సభలో ఉద్వేగంగా అన్నారు. "నిబంధన అనేది సంకెల కాదు. అది మీ మీద మేం ప్రేమతో కప్పే దుప్పటి!" పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజం దుప్పట్ల టెండరు మాత్రం ఇంకా ఖరారు కాలేదు.

ఆ మర్నాడే నిరోష అనే అమ్మాయి రేకుపెట్టెతో మా కౌంటరు దగ్గరికి వచ్చింది. మెరిట్ లిస్టులో మూడో ర్యాంకు. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. నేను మామూలుగా అడిగాను, "మీ ఇల్లెక్కడమ్మా?" అని.

"ఇప్పుడా సార్?" అంది.

ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నాకు ఇలాంటి జవాబు రాలేదు. ఎగతాళి అనుకుని కళ్లజోడు సర్దుకున్నాను.

"ఊరు మక్తల్ దగ్గర సార్. ఇంటికి తాళమేసుంది. అమ్మ, నాయిన జీవాల ఎంబడి ఉన్నరు. ఇప్పుడైతే అచ్చంపేట దిక్కు, అడివి అంచుకు."

వాళ్లకు రెండు వందల గొర్రెలు. ఊళ్లో చేలన్నీ పంటతో నిండి ఉండే వానాకాలమంతా నల్లమల అంచున మేపుతారు. వరికోతలయ్యాక సాగర్ ఆయకట్టుకు దిగుతారు. ఎరువు కోసం రైతులు పిలిచి మరీ చేలో మంద పెట్టించుకుంటారు. ఇవన్నీ ఆ పిల్లే చెప్పింది. మా దరఖాస్తులో 'శాశ్వత నివాసం' అని ఒకే గడి ఉంది. నేను తండ్రి పర్వతాలుకు ఫోన్ కలిపాను.

"గొర్లు యాడుంటే మేమాడ సారు. గదే మా ఇల్లు," అన్నాడు.

జాలిపడి ఒక మాట చెప్పాను. నెలకు రెండుసార్లు ఊరికి పోయి, తాళమేసిన ఇంటి ముందు నిలబడి ఫొటో పంపితే ఆ పిల్లకు ఏడాది పొడుగునా ఢోకా ఉండదు. మా నిబంధనల్లో అబద్ధమాడటానికి కావలసిన సదుపాయాలన్నీ ఉన్నాయి. మిగతా తల్లిదండ్రులు వాటిని చక్కగా వినియోగించుకుంటున్నారు.

"ఆడ లేకుండ ఆడున్నమని ఎట్ల చెప్తం సారు?" అన్నాడు పర్వతాలు. "రైతులు మా మాట మీదనే మందకు పిలుస్తరు. గీడ ఒకటి, గాడొకటి చెప్పుడు మాతోని కాదు."

ఇట్లాంటి మనుషుల వల్లే ఆఫీసులకు పని పెరుగుతుంది.

సెప్టెంబరు ఒకటిన మొదటి ఫొటో వచ్చింది. వలకట్టిన దొడ్డి ముందు భుజాన గొంగడితో పర్వతాలు, పక్కన సత్తమ్మ, వెనక గొర్రెలు. డెబ్బై రెండు కిలోమీటర్లు. నిరోషకు పద్నాలుగో నంబరు మంచం ఖాయం చేశాం. డిసెంబరు దాకా అంతా సవ్యంగా సాగింది. వరికోతలు కాగానే మంద హాలియా పక్కకు దిగింది. ముప్పై ఎనిమిది. ఆ మధ్యాహ్నమే మంచం ఖాళీ చేయించాం. పిల్ల రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సెక్కి మంద దగ్గరికి వెళ్లిపోయింది, అక్కడినుంచే కాలేజీకి రాసాగింది. జనవరి ఒకటిన మంద నందికొండ అవతలికి జరిగింది. యాభై ఆరు. మళ్లీ మంచం ఇచ్చాం. జనవరి పదిహేనున నలభై నాలుగు. మళ్లీ తీశాం. ఆమె దిగినప్పుడల్లా వెయిటింగ్ లిస్టులోని పూజ ఎక్కింది, ఆమె ఎక్కినప్పుడల్లా పూజ దిగింది. చివరికి ఇద్దరూ స్నేహితులయ్యారు. హాస్టల్ జీవితం విద్యార్థుల మధ్య ఆత్మీయత పెంచుతుందని వార్షిక నివేదికలో రాసుకున్నాం.

ఫిబ్రవరిలో మంద మళ్లీ యాభై దాటింది, పిల్లకు మళ్లీ మంచం వచ్చింది. పరీక్షలు దగ్గర పడ్డాయి. నిరోష కౌంటరు దగ్గరికి వచ్చి, "సార్, మంద మళ్ల గిటు మర్లుతాంది. పరీక్షలయ్యేదాంక జర ఆగుతరా? పొద్దుగాల బస్సు దొరకకుంటే ప్రాక్టికల్ పోతది," అంది. దరఖాస్తు పెట్టుకోమన్నాను. దరఖాస్తు ఎవరికి పెట్టాలో నిబంధనల్లో లేదు. అది ఆమె తప్పు కాదు, నాదీ కాదు.

అప్పుడు పర్వతాలు ఒక పని చేశాడు. మందను యాభై మూడో కిలోమీటరు దగ్గర ఆపేశాడు. ముందుకు రాలేదు, వెనక్కు పోలేదు. అది గరపనేల, గడ్డిపరక లేదు. మూడు వారాలు బిడ్డ మంచం కోసం అక్కడే కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం సత్తమ్మ ఫోన్ చేసింది.

"సారు, గొర్లు బక్కవడ్డయి. ఏడు పిల్లలు సచ్చిపోయినయి. ఇంకో నాలుగు కిలోమీటర్లు ముందటికొస్తే కాలువ ఉంది. వస్తే బిడ్డను ఎల్లగొడ్తరా?"

నలభై తొమ్మిది అవుతుందమ్మా అన్నాను. "సరే సారు, ఆడనే ఉంటం," అని పెట్టేసింది. నాకు బాధ కలిగింది. దాచుకోవడమెందుకు, నిజంగానే కలిగింది. ఆ పూట పెరుగన్నం సగం వదిలేశాను. కానీ బాధ రాసుకోవడానికి మా ఫైల్లో చోటు లేదు.

మార్చిలో మాకు గ్రేడు ఇచ్చే పరిశీలక బృందం వస్తుందని కబురొచ్చింది. క్యాంపస్ అంతా ఎండుగడ్డి నడుం దాకా పెరిగి ఉంది. పోయినేడు నాటిన మొక్కలు ఎరువు లేక కట్టెపుల్లలయ్యాయి. ఉపకులపతి గారు ఫైళ్లు తిరగేస్తూ నిరోష ఫైల్లోని ఫొటోలు చూశారు, ముచ్చటపడ్డారు. "ఈ మందను పిలిపించండి," అన్నారు.

పర్వతాలు సంబరం అంతా ఇంతా కాదు. "బిడ్డ కండ్ల ముందటనే ఉంటది, జీవాలకు మేత దొరుకుతది. ఇంకేం గావాలె సారు," అన్నాడు. గేటు దగ్గర రిబ్బన్ కట్టాం. ఉపకులపతి గారు కత్తిరించి, పర్వతాలుకు శాలువా కప్పి, మైకు అందుకున్నారు.

"ఇవి కేవలం గొర్రెలు కావు! ఇంధనం అక్కర్లేని, పొగ వదలని, స్వదేశీ గడ్డికోత యంత్రాలు! విశ్వవిద్యాలయం ప్రజల ముంగిట్లోకి పోవాలని పెద్దలు అంటారు. మనం ప్రజలనే మన ముంగిట్లోకి తెచ్చుకున్నాం!"

పరిశీలక బృందం పరవశించిపోయింది. 'ప్రజలతో అనుబంధం' అనే శీర్షిక కింద పదికి పది మార్కులేసింది. మందను కొత్త ఆడపిల్లల హాస్టల్ భవనంలో ఉంచాం. అది రెండుసార్లు ప్రారంభోత్సవం జరుపుకుంది కానీ తలుపులు లేవు. గొర్రెలకు ఐదో నిబంధన వర్తించదని న్యాయసలహాదారు లిఖితపూర్వకంగా తెలిపారు.

మార్చి పదిహేనున పర్వతాలు ఎప్పటిలాగే ఫొటో పంపాడు. హాస్టల్ భవనం ముందు భార్యాభర్తలు నవ్వుతూ నిలబడ్డారు. లొకేషన్ కొలిచాం. సున్నా కిలోమీటర్లు.

ఆ మధ్యాహ్నమే పద్నాలుగో నంబరు మంచం రద్దయింది. ఐదో నిబంధన ప్రకారం నిరోష ఇంటి నుంచి రావాలి. ఇల్లేమో క్యాంపస్‌లో ఉంది. హాస్టల్లో లేని విద్యార్థులు సాయంత్రం ఆరు దాటాక క్యాంపస్‌లో కనిపించరాదని పదిహేడో నిబంధన. విజేందర్ గారు ఎంతో దయతో ఇరవై రెండో నిబంధన వెతికి పట్టుకున్నారు. స్థానిక ఇంటి యజమాని ఎవరైనా తమ ఇంట్లో ఉంచుకుంటామని సంతకం చేసిన కాగితం ఇస్తే చాలు. గడువు వారం. ఇవ్వలేకపోతే సీటు రద్దు.

"రేపే మంద లేపుకపోత సారు," అన్నాడు పర్వతాలు. "యాభై గాదు, వంద దూరం పోత. పిల్లనుంచుండ్రి."

మళ్లీ కొలిచేది ఏప్రిల్ ఒకటినే అని విజేందర్ గారు విడమరిచి చెప్పారు. మార్చి ఇరవై రెండుకే గడువు తీరుతుంది కాబట్టి మంద ఎక్కడికి పోయినా ప్రయోజనం లేదు.

తండ్రీకూతుళ్లు నల్లగొండకు పోయి ఆరు రోజులు వీధులు తిరిగారు. మేం ఇరవై మూడు నిబంధనలు రాసుకుని, ఊటీ పోయొచ్చి, అష్టకష్టాలు పడి అమలు చేస్తున్నాం. ఊళ్లో ఒక్క సర్క్యులర్ లేదు, కమిటీ లేదు. అయినా ప్రతి గేటు దగ్గరా ఒకే ప్రశ్న, ఒకే వరసలో: "మీరు ఎవలు?" కులం చెప్పగానే గది నిన్ననే ఎవరికో మాటిచ్చేసినట్టు గుర్తొచ్చేది. ఒకావిడ వాసన గురించి అడిగింది. మీ నాయిన వస్తే మందతోనే వస్తడా అని ఒకాయన అడిగి, తన హాస్యానికి తానే నవ్వుకున్నాడట. ఇంత క్రమశిక్షణ మా విశ్వవిద్యాలయంలో నేను ఎన్నడూ చూడలేదు.

ఏడో రోజు పొద్దున నల్లగొండలో మా ఇంటి గేటు తట్టారు. నేను అక్కడుంటానని వాళ్లకు తెలియదు, బయట వేలాడే అద్దె బోర్డు చూసి వచ్చారు. మా మేడ మీద గది రెండు నెలలుగా ఖాళీ. పర్వతాలు చెప్పులు రోడ్డు మీదే విడిచి, చేతులు జోడించాడు. నేను వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించాను.

"నాకేం అభ్యంతరం లేదు పర్వతాలూ," అన్నాను. "ఇరుగుపొరుగు వాళ్లే, ఏమనుకుంటారోనని..."

నిరోష సంచిలోంచి సంతకం లేని కాగితం తీసి నా ముందు పెట్టింది. ఆ పిల్ల గొంతు ఎన్నడూ పెరగలేదు, ఆ రోజూ పెరగలేదు. "సార్, యూనివర్సిటోళ్లకు యాభై కిలోమీటర్ల అవతల ఉండాలె. మీ గల్లీలోళ్లకు మేం ఎంత దూరముంటే నడుస్తది? జర చెప్పుండ్రి, నాయినకు చెప్త."

నేను కాగితాన్ని సంతకం లేకుండానే ఆమె వైపు జరిపాను. ఆఫీసుకు ఆలస్యమవుతోంది.

సీటు గడువు ప్రకారమే రద్దయింది. 'విద్యార్థిని స్వచ్ఛందంగా చదువు మానుకున్నది' అని రాసి ఫైలు మూశాను. నిజానికి గడువు రోజు సాయంత్రం దాకా ఆమెకు ఒక ఆశ ఉండేది. మీ వీధిలో, మీ ఇంటి గేటు దగ్గర మీరు ఆమె ఫోన్ నంబరు రాసుకుని, ఇంట్లో అడిగి చెప్తామన్నారట. అడిగారా?