తూము కాడ పిలిచింది ఎవరు?

ధర్మవరంలో ఈశ్వరప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడంటే, ఆయనను పైకి లేపడం ఒక్క సంగటి వాసనకే చేతనయ్యేది. అట్లా ఏళ్ల తరబడి కూర్చుని పట్టుచీరలు నేశాడు. చేతులు బాగానే ఉన్నాయి. మోకాళ్లే పాత తలుపుల్లా కిర్రుమనడం మొదలుపెట్టాయి.

యుద్ధం వచ్చి పట్టు దొరకడం కష్టమైన రోజులవి. ఆ చలికాలంలో ఒకనాడు ఆయన గుంతలోంచి లేవబోయి లేవలేకపోయాడు. భార్య కుళ్ళాయమ్మా, పక్కింటి నరసప్పా చెరో రెక్క పట్టి లాగితే గానీ బయటపడలేదు. కాళ్లు పోతే మగ్గం పోయినట్టే. ఆ మాట మొగుడూ పెళ్లాల్లో ఎవరూ పైకి అనలేదు గానీ, మర్నాడే కుళ్ళాయమ్మ ఆయనను రైలెక్కించి పెనుకొండ తీసుకుపోయింది.

అక్కడి వైద్యుణ్ణి జనం పథ్యాల వెంకటస్వామి అనేవారు. తలనొప్పికి వంకాయ మాన్పిస్తాడు, చెవిపోటుకు చింతపండు మాన్పిస్తాడు. ఆయన ఈశ్వరప్ప మోకాళ్లు నొక్కి చూసి, దీనికి ఏదీ మానక్కర్లేదన్నాడు. ఈశ్వరప్ప ముఖం వెలిగింది. రోజూ తెల్లవారుతుండగా చెరువు చుట్టూ ఒకసారి నడిస్తే చాలన్నాడు. వెలిగిన ముఖం అక్కడికక్కడే ఆరిపోయింది.

నేతగాళ్ల వీధి వెనక చెరువు పెద్దదేమీ కాదు. ఎక్కేది లేదు, దిగేది లేదు. కట్ట మీద కొంత దూరం, నీళ్లు వదిలే తూము దాటాక తుమ్మచెట్ల మధ్య కాలిబాట, ఆ తర్వాత జమ్ముగడ్డి పక్కగా మళ్లీ కట్ట. ముసలమ్మలు నెత్తిన పుల్లల మోపు పెట్టుకుని కబుర్లాడుతూ తిరిగే దారి. ఈశ్వరప్పకు మాత్రం అది కాశీయాత్ర అయింది. మొదటి రోజు తూము దాకా పోయి కూలబడ్డాడు. మర్నాడు తూముకు ముందే. ఆ మర్నాడు చెప్పులు కనిపించడం లేదన్నాడు. కుళ్ళాయమ్మ వాటిని అటక మీంచి దించి ఆయన ముందర పెట్టింది.

ఇక లాభం లేదని ఆయన ఒక ఉపాయం ఆలోచించాడు. కుళ్ళాయమ్మ పాముకు భయపడదు, పోలీసుకు భయపడదు. గాలీ ధూళీ అంటే మాత్రం గుమ్మానికి వేపమండ కట్టే మనిషి. ఆ సాయంత్రం ఆయన గొంతు తగ్గించి సంగతి ఎత్తాడు.

"మా అవ్వ చెప్తాండె. తూము దాటినాక ఎవురో ఆడమనిషి ఎనకనుంచి పేరు పెట్టి పిలుస్తాదంట. తెలిసినోళ్ల గొంతుతోనే పిలుస్తాదంట. పలికినా, తిరిగి చూసినా, నేరుగా నీళ్లలోకే."

కొర్రలు చెరుగుతున్న కుళ్ళాయమ్మ చేట ఆపింది. "పలక్కుంటే?"

ఈశ్వరప్ప అంత దూరం ఆలోచించలేదు. "పలక్కుంటే ఏమీ చేయదు" అనేశాడు.

"అయితే పలకను. నువ్వూ పలకొద్దు. పొద్దున్నే పోదాం." చేట మళ్లీ కదిలింది.

తెల్లవారుతుండగా బయలుదేరేసరికి చెరువంతా మంచు. నీళ్లెక్కడ ఆగాయో, గట్టెక్కడ మొదలైందో తెలియడం లేదు. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. కుళ్ళాయమ్మ నల్లచీర కొంగు నెత్తి మీదుగా కప్పుకుని, గాజుల చేతులు లోపలికి ముడుచుకుని ముందు నడుస్తోంది. ఈశ్వరప్పకు మంచు చూసి ధైర్యం వచ్చింది. తానే పిలిస్తే సరి.

తూము దాటగానే వెనకబడ్డాడు. తుమ్మచెట్టు చాటున నిలబడి, టవాలు నోటికి అడ్డం పెట్టుకుని, సన్నని గొంతుతో సాగదీసి "కుళ్ళాయమ్మా" అన్నాడు. ఆ ఇంట్లో పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. ఆ మాట ఆయన చెవులకే కొత్తగా, ఇంకెవరో అన్నట్టు వినిపించింది.

ముందున్న మనిషి తిరగలేదు. ఇంకోసారి పిలిచాడు. తిరగలేదు. కేక పెట్టలేదు, పరుగెత్తలేదు. అదే నడక.

ఇక చాలనుకుని టవాలు తీసేసి, ఏమే, నేనేనే, ఆగు అన్నాడు. ఆ ఆకారం ఆగింది. కానీ తిరగలేదు. ఆయన రెండడుగులు వేస్తే అదీ కదిలింది. ఆయన నిలబడితే అదీ నిలబడింది. గాజుల చప్పుడు లేదు. పాదాలు చూద్దామంటే మోకాళ్ల కింద అంతా మంచే.

ఈశ్వరప్ప కళ్లు చికిలించి చూశాడు. ఈ ముందు పోతున్నది కుళ్ళాయమ్మేనా? తను చెట్టుచాటుకు పోయిన కాసేపట్లో కుళ్ళాయమ్మ ఇంకెటో పోయి, దారి మీదికి ఇంకెవరైనా వచ్చారా? వెనక్కి పోదామంటే, తను పుట్టించిన ఆడమనిషి ఉండేది ఆ వెనకనే. పక్కన జమ్ము గాలి లేకుండానే ఒకచోట ఊగి ఆగింది. ఆయన చౌడేశ్వరి పేరు తలుచుకుంటూ, మోకాళ్ల సంగతి మరిచిపోయి, ఆ నల్లచీర వెనకాలే దాదాపు పరుగుతో నడిచాడు. ఎంత నడిచినా అది అంతే దూరంలో ఉంది.

మళ్లీ కట్ట మీదికి చేరేసరికి ఎండ తగిలి మంచు విడింది. ముందున్న మనిషి ఆగి, కొంగు దించి, తిరిగింది. కుళ్ళాయమ్మే. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. చెరువు చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి వచ్చానన్న సంగతి కూడా ఆయనకు తోచలేదు. ఎందుకు పలకలేదని అడిగాడు.

"నువ్వు చెప్పినట్టే జరిగె" అంది కుళ్ళాయమ్మ. ముఖంలో నవ్వు లేదు. "నా పేరు పెట్టి పిలిచినాది. కడాకు అచ్చం నీ గొంతుతోనే పిలిచినాది. నేను పలకలా."

ఈశ్వరప్ప ఆమెకు దగ్గరగా జరిగాడు.

"జమ్ము కాడ పిలిచింది మాత్రం నన్ను గాదు. నిన్ను. నీకు ఇనపడలేదా?"

"ఎవురి గొంతు?"

"నా గొంతే. నేనైతే నోరు తెరవలా."

తనకేమీ వినపడలేదని ఆయనకు బాగా తెలుసు. ఇంటికి చేరేసరికి వినపడిందేమోనన్న అనుమానం పుట్టింది. పడుకునేసరికి వినపడిందనే అనిపించింది.

మర్నాడు కుళ్ళాయమ్మ లేచేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు వెనకబడితే ఒట్టు. భుజం భుజం రాసుకుంటూ చలికాలమంతా చెరువు చుట్టూ తిరిగాడు. వేసవికి మోకాళ్లు దారికొచ్చాయి. మైసూరు నుంచి కొంచెం పట్టు దొరికితే మగ్గం కూడా ఆడింది. గుంతలోంచి తనంతట తనే లేస్తున్నాడు.

ఇక నడక మానొచ్చు. ఒక పొద్దున అదే చెప్పాలనుకుని, ముందుగా ఆ అనుమానం తీర్చుకుందామని అడిగాడు. "జమ్ము కాడ నన్ను పిలిచినారంటివే, అది నిజమేనా?"

కుళ్ళాయమ్మ ఆయన ముఖంలోకి తాపీగా చూసింది. "నువ్వు చెప్పింది నిజమైతే, అదీ నిజమే. నువ్వు చెప్పింది నిజమేనా?"

ఈశ్వరప్ప వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

అప్పటికి ఆమె కొంగు కప్పుకుని వీధిలోకి దిగిపోయింది. తూము రాకముందే ఆమెను కలుసుకోవాలని, ఆయన గబగబా నడిచాడు.