దొంగ ఉద్యోగానికున్న మర్యాద

నకిలీ ఉద్యోగాల మెయిళ్లు పంపేవాళ్లను దయచేసి ఎవరూ తిట్టకండి. పట్టుకుని లోపల వేయమని అరవకండి. వీలైతే పిలిచి శాలువా కప్పండి!

ఎందుకంటారా? నలభయ్యేళ్లు దగ్గరపడ్డ మనిషిని 'డియర్ సార్' అని పిలిచి, 'మీవంటి ప్రతిభావంతుల కోసమే మా సంస్థ ఎదురుచూస్తోంది' అని రాసేవాళ్లు ఈ రోజుల్లో ఇంకెవరున్నారు? మా ఇంట్లోనే నా కోసం ఎవరూ ఎదురుచూడరు. గ్యాస్ సిలిండర్ కోసం ఎదురుచూస్తారు.

ఈ విషయం మాట్లాడటానికి నాకున్న అర్హతలు ముందే చెప్పాలి. నా పేరు ఉమాపతి. మదనపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. గెస్ట్ అంటే అతిథి. అతిథికి భోజనం పెడతారు గానీ జీతం ఇవ్వరు కదా! మా యాజమాన్యం ఆ సంప్రదాయాన్ని నిష్ఠగా పాటిస్తోంది. భోజనం సంగతి మాత్రం మర్చిపోయింది.

నేను చెప్పే సబ్జెక్టు ఉద్యోగ నైపుణ్యాలు. రెజ్యూమె ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో చేతులెక్కడ పెట్టుకోవాలి, దొంగ మెయిల్‌ను ఎలా గుర్తుపట్టాలి వగైరా. సరైన ఉద్యోగం లేనివాడు ఉద్యోగం సంపాదించడమెలాగో చెప్పడమేమిటని అడక్కండి. ఈత రానివాడే కదా గట్టు మీద కూర్చుని తీరిగ్గా సలహాలివ్వగలడు!

ఆ రోజు కూడా దొంగ మెయిళ్ల పాఠమే చెప్పాను. కంపెనీ సొంత చిరునామా నుంచి కాకుండా ఎవరైనా తెరుచుకోగల ఉచిత ఖాతా నుంచి మెయిల్ వస్తే అనుమానించండి అన్నాను. అక్షరదోషాలుంటే అనుమానించండి. ముఖం చూడకుండా ఉద్యోగమిస్తే మరీ అనుమానించండి. తొందరపెట్టి డబ్బు కట్టమంటే ఇక అనుమానం కూడా అనవసరం, తీసి పారేయండి! అన్నీ బోర్డు మీద రాసి, కింద గట్టిగా గీత కూడా గీశాను. చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ స్టాఫ్ రూముకొచ్చి ఫోన్ తీశాను.

నాకు ఉద్యోగం వచ్చింది!

పోస్టు రీజినల్ మేనేజర్. నోరు తిరగని విదేశీ పేరున్న టమోటా ఎగుమతుల కంపెనీ. ఆఫీసు కుప్పంలో. జీతం దగ్గరున్న అంకె చూసి, అది వాళ్ల ఫోన్ నంబరేమో అనుకున్నాను.

ఇప్పుడే కదా పాఠం చెప్పావు, గుర్తుపట్టలేదా అంటారు. ఎందుకు గుర్తుపట్టలేదు? ఒక్కొక్కటే గుర్తుపట్టాను. ఒక్కొక్కదానికీ సమాధానం చెప్పుకున్నాను. ఇన్ని చదువులు చదివినందుకు ఆ మాత్రం ఉపయోగం ఉండొద్దూ?

ఉచిత ఖాతా నుంచి వచ్చిందా? పొదుపైన సంస్థ! 'మేనేజర్' అన్న మాటలోనే అక్షరం తప్పుందా? విదేశీయులు కదా, ఇంగ్లీషు రాకపోవడం సహజం. ముఖం చూడలేదా? అదీ నా మంచికే. ఇంటర్వ్యూ ఫోన్ చాటింగ్‌లోనే జరిగింది. 'మీరు కష్టపడి పనిచేస్తారా?' అని అడిగారు. 'ఎస్ సార్' అని కొట్టాను. 'కంగ్రాట్స్' అన్నారు. ఇన్నేళ్లుగా మనుషుల ఎదుట కూర్చుని ఇచ్చిన ఇంటర్వ్యూల్లో నన్ను ఇంత లోతుగా అర్థం చేసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు!

సాయంత్రం మా ఆవిడ యమునకు చెప్పాను. ఆమె పాలకేంద్రంలో లెక్కలు చూస్తుంది. లెక్కలు చూసేవాళ్లకు చప్పున ఆనందపడే అలవాటు ఉండదు.

"మీరు అప్లికేషన్ ఎప్పుడు పెట్టినారు?" అంది.

"పెట్టలేదు. వాళ్లే నన్ను వెతుక్కుంటూ వచ్చారు."

"మిమ్మల్నా?"

భర్త జీవితాన్ని ఇంత క్లుప్తంగా సమీక్షించడం భార్యకే సాధ్యం.

ఆదివారం పుంగనూరులో మా అత్తగారింటికి వెళ్లాం. మా అత్త చెంగమ్మకు ఒక పొట్టి ఆవు ఉంది. పుంగనూరు జాతి ఆవంటే మీకు తెలిసే ఉంటుంది, మంచం కింద దూరేటంత ఉంటుంది. దానికొక దూడ. బెంగళూరాయన ఒకడు ఆ దూడను తన బంగళాలో ముద్దుగా పెంచుకుంటానని ఎన్నాళ్లుగానో బేరమాడుతున్నాడు. అత్త ఇవ్వనంటే ఇవ్వనంటోంది. పొద్దున లేచి దాని ముఖం చూడందే ఆమె కాఫీ తాగదు.

అప్పటిదాకా నన్ను 'ఏమప్పా, వచ్చినావా' అని పలకరించే మనిషి, ఆ రోజు 'రాండి నాయనా, రాండి, ఈడ ఫ్యాను కింద కూసోండి' అంది. నాటుకోడి పులుసు, రాగిసంగటి పెట్టింది. మొదటిసారిగా నా కంచంలో తొడ ముక్క పడింది! ఆ తొడ ముక్క నాకు ఏ యూనివర్సిటీ ఇచ్చింది? ఏ ప్రభుత్వం ఇచ్చింది? దొంగ కంపెనీ ఇచ్చింది.

తింటూనే అసలు సంగతి కదిపాను. చేరేముందు ల్యాప్‌టాప్ కోసం డిపాజిట్ కట్టాలి. శుక్రవారం లోపల కట్టకపోతే పోస్టు ఇంకొకరికి పోతుంది.

చెంగమ్మ దొడ్లో దూడ వైపు చూసింది. "బెంగళూరాయప్పకు ఫోన్ చేస్తాలే నాయనా. అల్లుడు మేనేజరయితే దూడ ఏం లెక్క?" అంది. చివర్లో కొంగుతో ముక్కు తుడుచుకుంది. పులుసులో కారం ఎక్కువైందేమో అనుకున్నాను. చూశారా, మేనేజర్‌కు కావలసిన లక్షణాలన్నీ అప్పుడే నాలో ఉన్నాయి!

తిరుగు బస్సులోనే కాలేజీకి రాజీనామా మెయిల్ పంపేశాను.

యమున వద్దనలేదు. రాజీనామా మెయిల్ చదివి, ఫోన్ నా చేతికిచ్చి, "శుక్రవారం గదా కట్టేది. గురువారం పోయి ఆఫీసు ఒకసారి సూసి రాండి. మేనేజరు తన ఆఫీసు సూసుకుంటే తప్పేముండాది?" అంది. ఆ మాటలో అనుమానం ఎక్కడా కనబడలేదు. గౌరవమే కనబడింది. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు వేసుకుని, పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కాను.

కుప్పంలో ఆ అడ్రస్ చెబితే టీకొట్టువాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆటో డ్రైవర్ ఊరవతల ఒక పాత రైసుమిల్లు షెడ్డు ముందు దించి వెళ్లిపోయాడు. తలుపుకు తాళం ఉంది. తాళానికి తుప్పుంది. ముందు ఒక యువకుడున్నాడు. మెడలో టై, చేతిలో ఫైలు. నన్ను చూడగానే నిటారుగా అయిపోయాడు.

"గుడ్ మార్నింగ్ సార్! నా పేరు ఓబులేసు సార్. తంబళ్లపల్లె కాడ్నుంచి వస్తాండాను సార్."

నా బూట్లు చూసి నన్ను కంపెనీ పెద్ద అనుకున్నాడు. వెంటనే కాదని చెప్పాలి కదా? చెప్పలేదు. నన్ను చూసి ఒక మనిషి అలా నిలబడటం నా సర్వీసులో అదే మొదలు. "కూర్చో కూర్చో" అన్నాను హుందాగా. కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు.

"మీరే గదా సార్ హెచ్చార్?"

"కాదప్పా" అన్నాను చివరికి. "నేను రీజినల్ మేనేజర్ని."

"నేనూ అదే సార్." ఫైలు తెరిచి చూసుకున్నాడు. "ఒక రీజియనుకు ఇద్దరుంటారేమో సార్?"

అతను ఆశ వదల్లేదు. నిజం చెప్పాలంటే నేనూ వదల్లేదు. ఇద్దరి అపాయింట్‌మెంట్ ఆర్డర్లూ పక్కపక్కన పెట్టి చూశాం. పోస్టు ఒకటే, ఎంప్లాయీ నంబరు ఒకటే, 'మేనేజర్'లో తప్పిన అక్షరం కూడా ఒకటే. పేర్లే వేరు.

"డిపాజిట్ కట్టినావా?" అన్నాను.

"నిన్ననే కట్టేసినాను సార్. మా నాయన గొర్రెలమ్మి ఇచ్చినాడు." ఫైలు మూసి గుండెకు ఆనించుకున్నాడు. "ఇంటికాడ ఏమని చెప్పేది సార్?"

ఇంటర్వ్యూల్లో ఎదురయ్యే కఠినమైన ప్రశ్నలకు జవాబులని నేనొక పాఠం చెబుతాను. 'ఐదేళ్ల తర్వాత మీరెక్కడుంటారు?' అంటే నా దగ్గర గొప్ప జవాబుంది. ఓబులేసు అడిగిన ప్రశ్న ఆ పాఠంలో లేదు.

సైబర్ మోసాలకు ఫిర్యాదు చేసే నంబరు ఒకటుంది. ఏటా బోర్డు మీద రాస్తాను గానీ ఎప్పుడూ దానికి ఫోన్ చేసి చూడలేదు. అప్పుడు చేశాను. అవతల ఒకమ్మాయి ఓపిగ్గా వివరాలడిగింది. ఓబులేసు ఫైలు తెరిచి ఒక్కొక్కటే చదివి చెప్పాడు. డబ్బు కట్టింది నిన్ననే కాబట్టి కొంతైనా బ్యాంకులో ఆపే వీలుందని ఆమె చెప్పింది. బస్టాండుకు వచ్చి టీ తాగాం. అతను టై విప్పి, చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "మా నాయనకు నేనే చెప్తాను సార్. మీరు ఫోన్‌లో ఉండండి చాలు" అన్నాడు. ఉన్నాను. అవతల వాళ్ల నాయన అంతా విన్నాడు. తర్వాత, "తిన్నావా?" అన్నాడు.

కట్టినదాంట్లో సగానికి పైగా ఆగిందని, తిరిగి రావడానికి టైం పడుతుందని మొన్న ఓబులేసు ఫోన్ చేశాడు. మిగిలిన గొర్రెలను ఇప్పుడు అతనే తోలుకుపోతున్నాడట.

కుప్పం నుంచి నేను నేరుగా పుంగనూరులో దిగాను. అత్తగారింటి ముందు బెంగళూరు వ్యాను ఆగి ఉంది. వెనక గడ్డి పరిచి, దూడను పైకెక్కిస్తున్నారు. అది నాలుగు కాళ్లూ బిగబట్టి అరుస్తోంది. చెంగమ్మ ఎక్కడా కనబడలేదు. వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

"అత్తా, దూడను దించమను" అన్నాను.

"యాల నాయనా?"

"ఉద్యోగం లేదత్తా. వాళ్లు దొంగోళ్లు."

లేచి నిలబడింది. "నిజ్జంగా లేదా?"

"నిజంగా లేదు."

అంత వయసు మనిషి అంత వేగంగా పరుగెత్తగలదని నాకు తెలియదు. వ్యాను దగ్గరికెళ్లి దూడ మెడను వాటేసుకుని భోరుమంది. "పోతే పోయిందిలేప్పా ఆ ఉద్యోగం! పొద్దున్నించి నాకు ముద్ద దిగలేదు!"

నేను ఇంటర్వ్యూల్లో తప్పడం కొత్త కాదు. కానీ నా ఉద్యోగం పోయినందుకు ఒకరు ఆనందబాష్పాలు రాల్చడం మాత్రం అదే ప్రథమం. బెంగళూరాయన ఏదో అనబోయి, ఆమె వాలకం చూసి వ్యాను తిప్పుకున్నాడు. యమునకు ఫోన్ చేసి అంతా చెప్పాను. 'నేను చెప్పలా' అనలేదు. "తిరిగొచ్చేదానికి బస్సుండాదా?" అంది అంతే.

ఇక మిగిలింది కాలేజీ. రాజీనామా వెనక్కి తీసుకోవాలి. ఎలా బతిమాలాలో దారి పొడవునా వల్లించుకుంటూ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాను.

"సార్, నా రాజీనామా గురించి..."

"ఏ రాజీనామా?" అన్నాడాయన.

నా మెయిల్ తెరవనే లేదు! కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. నా రాజీనామా అక్కడే ఉంది. దాని కింద, జీతం కోసం నేను ఎన్నాళ్లుగానో రాస్తూ వచ్చిన మెయిళ్లన్నీ కూడా తెరవకుండా, నల్లటి అక్షరాలతో వరసగా నిలబడి ఉన్నాయి. అంతటి నిర్లక్ష్యం వల్ల నా కొలువు నిలిచింది. కళ్లు చెమర్చాయి. ఎందుకు చెమర్చాయో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

ఆ మధ్యాహ్నం క్లాసులో జరిగిందంతా పిల్లలకు చెప్పాను. గురువన్నవాడు ఉదాహరణగా నిలవాలి కదా! 'కంగ్రాట్స్' దగ్గర నవ్వారు. కూర్చోమన్న చోట కుర్చీ లేదన్నప్పుడు బెంచీలు చరిచారు. నేనూ నవ్వాను. పాఠం ఇంత బాగా ఎన్నడూ సాగలేదు.

అప్పుడు పల్లవి లేచింది. కురబలకోట నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. ఎప్పుడూ ఏదీ అడగదు.

"సార్, దొంగది ఎట్లుంటాదో బాగా అర్థమయింది. నిజమైంది ఎట్లుంటాది సార్? ఒకటి సూపీండి."

న్యాయమైన ప్రశ్న. ఫోన్ తీసి వెతికాను. నేను పంపిన దరఖాస్తులున్నాయి, వేలు అరిగేదాకా జరిపినా తరగనన్ని. కొన్నింటికి 'మీ దరఖాస్తు అందినది' అని యంత్రం పంపిన జవాబుంది. ఆ తర్వాత ఏమీ లేదు. మరికొంత కిందికి జరిపాను. ఏమీ లేదు.

"మీ అన్నలకో అక్కలకో ఎవరికైనా వచ్చిందా?" అని క్లాసును అడిగాను. ఒకరినొకరు చూసుకున్నారు. ఇందాకటి నుంచి నవ్వుతున్న వెనక బెంచీ కూడా తల దించుకుంది.

కాబట్టి పాఠకమహాశయులకు ఒక విన్నపం. మీలో ఎవరికైనా నిజమైన ఉద్యోగం మెయిల్‌లో వచ్చి ఉంటే, దయచేసి దాని కాపీ ఒకటి నాకు పంపండి. పేర్లు చెరిపేసినా సరే, పాతదైనా సరే. సోమవారం మళ్లీ ఆ క్లాసుంది. పల్లవి మొదటి బెంచీలో కూర్చుంటుంది.