ఒక్క రోజూ పోలేదు

మా టీ ఫ్యాక్టరీ గేటు బోర్డు మీద "ప్రమాదాల వల్ల పోయిన పనిరోజులు: సున్నా. ఇది వెయ్యో రోజు" అని రంగుతో రాసిన పొద్దుటే, ఆకు నలిపే యంత్రంలో మా తమ్ముడు ఫత్సాని కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

నేను ఫ్యాక్టరీ బడిలో ఆరో తరగతి టీచర్ని. దస్తూరి బావుంటుందని గాయాల రిజిస్టరు నాచేతే రాయిస్తారు. ఇంత శుభ్రమైన రిజిస్టరు మలావీ మొత్తంలో లేదని మేనేజరు కపలాముల గారు చాలాసార్లు మెచ్చుకున్నారు. అందులో ఏమీ రాయకపోవడం వల్ల వచ్చిన శుభ్రత అది.

"పోయింది చెయ్యి మాస్టారూ, రోజు కాదు," అన్నారాయన. "రేపు డ్యూటీకొస్తే రోజు పోనట్టే. పోని రోజుని ఎక్కడ రాస్తాం?"

ఆ తర్కానికి నేను తలూపాను. బళ్ళో లెక్కలు చెప్పేదీ నేనే.

మర్నాడు కంపెనీ పికప్ తమ్ముణ్ణి డిస్పెన్సరీ మంచం మీంచి తెచ్చి ఆఫీసు బెంచీ మీద పడుకోబెట్టింది. డ్యూటీ: గోడ గడియారాన్ని కనిపెట్టి ఉండటం. పక్క బెంచీ మీద, పాదాలు కాలిన ఎలెస్టినా అత్త నెల్లాళ్ళుగా ఫ్యానుని పర్యవేక్షిస్తోంది.

"నా ఫ్యానే నయం నాయనా, తిరగదు," అంది. "నీది తిరుగుతుంది. పని ఎక్కువ."

నాలుగో రోజుకి జ్వరం వచ్చింది. కట్టు వాసన వేసింది. బ్లాంటైర్ పెద్దాసుపత్రిలో చేర్చకపోతే దక్కడని నర్సు చెప్పింది. చేరిస్తే రోజు పోతుంది. పోతే రిజిస్టర్లో రాయాలి.

"అన్నా, ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్క లైను రాయవా?" అన్నాడు తమ్ముడు.

"శుక్రవారం ఉపమంత్రిగారు భద్రతా షీల్డు ఇవ్వడానికి వస్తున్నార్రా. అందాకా ఓర్చుకో."

"సరేలే. గడియారం నా చేతిలోనేగా ఉంది."

ఉపమంత్రిగారు వచ్చారు, షీల్డు ఇచ్చారు. కార్మికుడు చల్లగా ఉన్నచోటే టీ వేడిగా ఉంటుందన్నారు. బెంచీల మీద వాళ్ళని లేపి కూర్చోబెట్టి, పొడుగు చేతుల కొత్త కోట్లు తొడిగాం. ఆయన చెయ్యి చాచారు. ఫత్సాని ఎడమచెయ్యి ఇచ్చాడు.

"పెద్దవాళ్ళకి ఎడమచెయ్యా? ఏ బళ్ళో చదివాడితను?"

"నా బళ్ళోనేనండి," అన్నాను. "క్షమించండి. పెంపకంలో లోపం."

ఆ సాయంత్రం ఫత్సానిని ఇంటికి తెచ్చుకున్నాను. శనివారం డ్యూటీకి రాలేదు. ఆదివారం పాతిపెట్టాం. మేనేజరుగారు స్వయంగా వచ్చి నా భుజం తట్టారు.

"ఇంట్లో పోయాడు మాస్టారూ. అదొక్కటే ఊరట."

బోర్డు మీద ఇవాళ వెయ్యీ ముప్పయ్యారు. రిజిస్టర్లో తేదీ వేశాను. తమ్ముడి పేరు రాశాను. 'ఏం జరిగింది' అన్న గడి ఇంకా నింపలేదు.